నా కోడలి గంధపు ఎముకలు

నా కోడలు వెనింగ్ ఎముకలు సువాసన వెదజల్లుతాయి. ఈ మాట నేనన్నది కాదు, మా ఊళ్ళో రోజుల లెక్కలు చూసే కర్సో తాత అన్నాడు. ఆ వాసన మామూలు ముక్కులకు తగలదు. దయ్యాలకు, భూతాలకు, చచ్చిపోయి ఊరి పొలిమేర కాసే పెద్దలకు తగులుతుంది. తగిలిందంటే బెల్లం దిమ్మ చుట్టూ చీమల్లా చేరిపోతాయి. అలాంటి మనుషుల్నే గంధపు ఎముకల వాళ్ళంటాం. వాళ్ళకు మనకు కనిపించనివి కనిపిస్తాయి, వినిపించనివి వినిపిస్తాయి. పని మాత్రం ఒక్కటీ కనిపించదు.

ఇదంతా పుట్టినరోజుతో వచ్చే తంటా. మాకు ఏడు వారాలతో పాటు క్లివోన్, లెగి అంటూ ఐదు సంత రోజులున్నాయి. రెండూ జోడిస్తే ముప్ఫై అయిదు రకాల పుట్టుకలు తేలతాయి. వాటిలో ఓ పదకొండు గంధపు ఎముకలవి. పెళ్ళి మాటలప్పుడు వెనింగ్ గుర్తింపు కార్డు మీది తేదీ రాసుకుని నేనే కర్సో తాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన పుస్తకం తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, "బుధవారం క్లివోన్. సమింతెన్, ఈ పిల్లని గాజుగ్లాసులా చూసుకోవాలి సుమా" అన్నాడు. అది హెచ్చరిక. నేను గొప్ప అనుకున్నాను.

కాపురానికి వచ్చిన మూడో వారంలో, నీళ్ళు తోడుతూ తోడుతూ వెనింగ్ గడప మీద కూలబడింది.

"అత్తయ్యా, నా భుజాల మీద ఎవరో కూర్చున్నట్టుందండీ" అంది.

నాకు భయమేసింది. నిజం చెప్పొద్దూ, కొంచెం సంబరం కూడా వేసింది. తాత లెక్క తప్పలేదన్నమాట! మా అబ్బాయి బాగ్యో చేత చాప పరిపించాను, తియ్యటి టీ స్వయంగా కలిపి తెచ్చాను. టీ తాగి వెనింగ్ గంటసేపు పడుకుంది. దయ్యం దిగిపోయింది.

అక్కడ మొదలైంది. ఉపవాసాల నెలకు ముందు ఊరంతా చీపుళ్ళు పట్టుకుని శ్మశానం ఊడుస్తుంటే మా కోడలు ఇంట్లో ఉండిపోయేది, పెద్దలు వెంటబడి వచ్చేస్తారని. ఎవరింట్లో విందు జరిగినా రెండొందల కంచాలు తోమాల్సి వచ్చేసరికి కుళాయి దగ్గర ఆకుపచ్చ చీర ఆవిడ నిలబడి ఉండేది. పశువుల పాకలో ఓ ముసలాయన, చిన్నుల్లిపాయల బుట్ట పక్కన పేరు తెలియని పాప. దయ్యాలు పని ఉన్నచోటే కాపురం పెడతాయని నాకు అప్పుడే వెలగాల్సింది. బట్టల దుకాణంలో ఒక్క దయ్యమూ తగల్లేదు ఆ పిల్లకి.

పైగా వాటి తిండి! ఒక దానికి సోయాగింజలు పులియబెట్టి చేసే తెంపె వేపుడు, పక్కన పచ్చిమిరపకాయ. ఇంకోదానికి ఐసు వేసిన టీ. ఒకసారైతే నాలుగు రోడ్ల కూడలిలో బండివాడు అమ్మే మాంసపుండల సూపే కావాలని పట్టుబట్టింది, ఇంట్లో చేసింది వద్దట. దయ్యం వాసన పీల్చుకోగా మిగిలిన పదార్థాన్ని పారెయ్యకూడదు కదా, వెనింగ్ తినేది.

నేను సణుగుతూనే ఉండేదాన్ని. కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా మొగుడు కుర్చీలో కూర్చునే పోయాడు, ఆ సంగతి నేనింకా క్షమించలేదు. కానీ ఊళ్ళో మాత్రం తల ఎగరేసుకుని తిరిగాను. తప్పిపోయిన మేక ఎక్కడుందో అడగడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. వెనింగ్ కళ్ళు మూసుకుని, "వెదురుపొదల అవతల" అనేది. మేక అక్కడే ఉండేది. "మా కోడలి ఎముకలంటే ఏమనుకున్నారు!" అని నేను మీసం లేని చోట మీసం దువ్వేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొన్న మా వీధిలో దార్మి కూతురి పెళ్ళి.

మా ఊళ్ళో పెళ్ళి వంటకు ఆడవాళ్ళందరూ వస్తారు, ఎవరి పని వారిది. అన్నం పని నాది. ముప్ఫై ఏళ్ళుగా నాదే. పెళ్ళిలో పనసకాయ కూర చప్పగా ఉంటే నవ్వి ఊరుకుంటారు. అన్నం ఉడకలేదంటే అది అపశకునం. ఆ ఇంటికీ చెడ్డపేరే, వండిన చేతికీ చెడ్డపేరే. ఆ చేతికి మళ్ళీ ఎవరూ తెడ్డు ఇవ్వరు. అందుకే తుగియెం నా తెడ్డు మీద పదేళ్ళుగా కన్నేసి ఉంచింది. కూరల దగ్గర పెత్తనం చేసే మనిషి, నాకంటే అయిదేళ్ళు చిన్నది, నాకంటే రెండింతల నోరు.

పెద్ద ఎత్తున అన్నం వండటం ఆషామాషీ కాదు. కడిగిన బియ్యాన్ని ముందు ఆవిరికుండలో సగం ఉడికించాలి. దాన్ని తొట్టిలోకి వంచి, సలసల కాగే ఎసరు పోసి తెడ్డుతో కలిపి మూత పెట్టాలి. మెతుకు ఆ నీళ్ళన్నీ తాగి ఉబ్బాక, మళ్ళీ ఆవిరికెక్కించాలి. అప్పుడే అన్నమవుతుంది. ఇది నేను నిద్దట్లో కూడా చేయగలను.

తెల్లవారగానే ఇంటివాళ్ళకు మొదటి వాయ దించాను, మల్లెమొగ్గల్లా వచ్చింది. రెండో వాయ మగపెళ్ళివారికి, నాలుగు పెద్ద కుండలు. వాళ్ళు పదింటికి దిగుతారు. ఎనిమిదిన్నరకు మూత తీసి ఒక మెతుకు పట్టి చూశాను. గులకరాయి. ఇంకో కుండలో చూశాను. అదీ గులకరాయే. కట్టెలు ఎగదోశాను. తొమ్మిదైంది, నాలుగు కుండల్లోనూ గులకరాళ్ళే.

"ఏవైంది సమింతెనక్కా? అన్నం అలిగిందా?" అంది తుగియెం, పొయ్యి అవతల నుంచి, ఊరంతటికీ వినపడేలా.

"కట్టెలు పచ్చివి" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడందట వెనకటికెవతో. అవే కట్టెల మీద నా కూర కుతకుతలాడుతోందే మరి!"

దార్మి ఏడుపు మొదలెట్టింది. పెళ్ళి సరిగ్గా చేయకూడదని ఎవరో ఏదో చేశారంది. ఎవరో కర్సో తాతను పిలుచుకొచ్చారు. ఆయన కుండల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆవిరికి కళ్ళజోడు మసకబారగా, "ఇక్కడెవరో ఉన్నారు. నాకు తెలీదు ఎవరో. ఆ పిల్లని పిలవండి" అన్నాడు.

ఆ పిల్ల పెరట్లో జామచెట్టు కింద చాప మీద ఉంది. తెల్లారి నుంచి అక్కడే. చిన్నుల్లిపాయల బుట్ట పక్కన పాప మళ్ళీ వచ్చిందట.

వెనింగ్‌ను పిలవడానికి నేనే బయల్దేరాను. దారిలో మా వియ్యపురాలు మార్సినీ గుడ్లు వలుస్తూ కూర్చుంది. వోనోగిరి నుంచి మగపెళ్ళివారి చుట్టంగా తెల్లారే వచ్చేసింది. మంచి మనిషే, కానీ మాట మొదలెడితే గుడ్డు చల్లారి పాడైపోతుంది. నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఏం వదినగారూ, మా పిల్లని దయ్యాలు చూడ్డానికి పిలుస్తున్నారటగా? ఇదెక్కడి చోద్యమండీ! మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క పిల్లి కూడా దాని వెంట పడలేదు."

"ఎముకలండీ. పుట్టినరోజు" అన్నాను విసుగ్గా.

"పుట్టినరోజా! అయ్యో, దాని పుట్టుకే ఓ తంతు వదినా. పొద్దు గూకి, మసీదులో నమాజుకి పిలిచే సాయంత్రం బాంగు అయిపోయింది. వాళ్ళ నాన్న నమాజుకి వంగాడు, నేను కెవ్వుమన్నాను. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు పాపం, లేవాలో, పూర్తి చెయ్యాలో తెలీక. ఆయన నడుం ఎత్తేసరికి పిల్ల బయటికొచ్చేసింది. ఇప్పటికీ ఆ నడుం నొప్పి అంటాడు."

నేను నిలబడిన చోటే నిలబడిపోయాను.

మాకు రోజు సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. పొద్దు గూకిన తర్వాత పుట్టినవాళ్ళది మర్నాటి రోజు. ఇది పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. గుర్తింపు కార్డులో తేదీ ఉంటుంది, వేళ ఉండదు. నేను అడగలేదు. ఊరందరి లెక్కలూ చూసే కర్సో తాత కూడా అడగలేదు. అంటే నా కోడలిది బుధవారం క్లివోన్ కాదు, గురువారం లెగి. గురువారం లెగి వాళ్ళవి మామూలు ఎముకలు. పులుసు పెట్టుకునే ఎముకలు.

ఏడేళ్ళ తెంపె వేపుళ్ళు నా కళ్ళ ముందు వరసకట్టాయి. వెనింగ్‌ను రెక్క పట్టుకుని కట్టెల మోపు వెనక్కి లాక్కుపోయాను.

"నీది గురువారం లెగి!"

తుళ్ళిపడుతుందనుకున్నాను. పడలేదు. "అవునండీ" అంది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"పుట్టినప్పట్నుంచీ. ప్రతి గురువారం లెగికీ నా పుట్టినరోజని మా అమ్మ గంజి కాచి పెట్టేది కదండీ."

"మరి ఏడేళ్ళుగా దయ్యమనీ భూతమనీ నా చేత ఊడిగం చేయించుకుంటావా! సిగ్గు లేదూ!"

"మొదటిరోజు నేను దయ్యమనలేదత్తయ్యా. భుజాల మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాను. తెల్లారగట్ల నుంచి నలభై బిందెలు తోడాను ఆ రోజు. నొప్పి. దయ్యమన్నది మీరు. చాప పరిపించింది మీరు. టీ తెచ్చింది మీరు. ఆ ఇంట్లో నాకెవరన్నా ఓ గ్లాసు టీ ఇవ్వడం అదే మొదటిసారి. కాదండీ, వట్టి నొప్పేనండీ అని ఎలా చెప్పనూ?"

"నొప్పయితే నొప్పని చెప్పేడవలేకపోయావా!"

"చెప్తే మీరేమనేవారు?"

కోపంలో ఉన్నాను గానీ అబద్ధమాడలేకపోయాను. "నాకు లేవేంటే భుజాలు, అనేదాన్ని" అన్నాను.

"అదేనండీ మరి. మన ఇంట్లో అలిసిపోయిన మనిషిని కూర్చోనివ్వరు. దయ్యం పట్టిన మనిషినైతే కూర్చోనిస్తారు."

కట్టెల మోపులోంచి ఒక పుల్ల పీకి మళ్ళీ అందులోనే దోపాను.

"సరే" అన్నాను చివరికి, "ఇప్పుడేం చేస్తావు? అందరూ కాచుక్కూర్చున్నారు. నీకేమో ఏ దయ్యమూ కనపడదు."

"దయ్యం కనపడదు కానీ అన్నం కనపడిందండీ." వెనింగ్ గొంతు తగ్గించింది. "మీరు రెండో వాయకి ఎసరు పొయ్యలేదు. సగం ఉడికిన బియ్యాన్ని తొట్టిలోకి వంచారు. ఇంతలో తుగియెం పిన్ని కూరలో బెల్లం ఎక్కువైందా లేదా అని మీ మీదకొచ్చింది. ఇద్దరూ అరుచుకున్నారు. అరుస్తూనే మీరు నాలుగు కుండల్నీ అట్లాగే మళ్ళీ ఆవిరికెక్కించేశారు. కాగిన నీళ్ళు ఇంకా ఆ మూలే ఉన్నాయి చూడండి."

చూశాను. ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు! నిద్దట్లో చేయగలనన్న పని!

"చూసినదానివి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్దామని లేచానండీ. 'నువ్వు మళ్ళీ పడుకోవే మహాతల్లీ' అన్నారు మీరు."

అన్నాను. గుర్తుంది. మేకలు ఎలా దొరికేవో కూడా అప్పుడే తెలిసింది నాకు. ఊరంతా వంగి పని చేసుకుంటుంటే, తలెత్తి చుట్టూ చూసే తీరిక ఉన్నది ఆ పిల్ల ఒక్కతికే.

ఇద్దరం వంటింట్లోకి వచ్చాం. వెనింగ్ ఇప్పుడు ఒక్క మాట చెప్తే చాలు, నా తెడ్డు తుగియెం చేతిలోకి వెళ్ళిపోతుంది. ఏడేళ్ళ నా సణుగుడుకి అది తగిన శాస్తే. ఆ పిల్ల పొయ్యి ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, గాలి గట్టిగా పీల్చింది.

"ఓ పెద్దావిడండీ. జుట్టంతా తెలుపు. ఇదివరకు ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకి అన్నం వండేదట."

"మా మేనత్తే!" అంది దార్మి, ఏడుపు ఆపి.

"ఆవిడకి దాహంగా ఉందట. బియ్యమంతా తొట్టిలోకి వంచి, ఆ మూలనున్న కాగిన నీళ్ళు పొయ్యమంటోంది. నీళ్ళన్నీ ఆవిడ తాగాక మళ్ళీ ఆవిరికెక్కించాలట."

ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగెత్తారు. నేనూ తెడ్డు అందుకోబోయాను.

"ఇంకో మాట కూడా అంటోందండీ," అంది వెనింగ్, కళ్ళు మూసుకునే. "వండే మనిషి కూర్చోవాలట."

"ఎవరు, నేనా?"

"మీరే. ఉడికేదాకా."

"కూర్చోను. ఆవిడకి చెప్పు."

"వద్దక్కా, పెద్దవాళ్ళతో పెట్టుకోకు!" అని నలుగురూ పట్టుకుని నన్ను చాప మీద కుదేశారు. అంతలో వెనింగ్ ఒక కన్ను ఓరగా తెరిచి, "టీ కూడా ఇమ్మంటోంది. చక్కెర రెండు చెంచాలు" అంది.

టీ వచ్చింది. తాగాను. పెళ్ళిలో కూర్చుని టీ తాగడం నాకు నా పెళ్ళిలో కూడా జరగలేదు. మోకాళ్ళు చాపుకుని, అవి నావేనా అన్నట్టు కాసేపు చూసుకున్నాను. చాలా బాగుంది, ఒళ్ళు మండిపోయేంత బాగుంది. ఇన్నేళ్ళూ నన్ను ఎవరు ఆపారు?

పదికి అయిదు నిమిషాలుందనగా అన్నం ఉడికింది. మెతుకుకు మెతుకు అంటకుండా, పొగలు కక్కుతూ. దార్మి వెనింగ్‌ను కావలించుకుంది. కర్సో తాత పుస్తకం చంకలో పెట్టుకుని, అన్నం తానే వండినట్టు తల పంకించాడు.

అక్కడితో అయిపోయుంటే ఎంత బాగుండేది. కానీ మా వియ్యపురాలి నోరు ఖాళీగా ఉంది. కూతుర్ని అందరూ పొగుడుతుంటే పాపం తల్లి మనసు ఊరుకోలేదు. సాయంత్రం బాంగు, నడుం వంచిన మొగుడు, అంతా తుగియెంకు చెప్పుకొచ్చింది.

తుగియెం తెడ్డులాంటి చెయ్యి ఊపుకుంటూ వంటింటి నడుమ నిలబడింది.

"తాతా! పొద్దు గూకాక పుట్టిన పిల్లది ఏ రోజు?"

"మర్నాటిది. అదీ అడగాలా?"

"అయితే ఈ పిల్లది గురువారం లెగి. గంధం లేదు, గాడిదగుడ్డూ లేదు! ఏడేళ్ళుగా మన చేత కంచాలు తోమించి తను చాప మీద పడుకుంది."

వంటింట్లో గరిటెలన్నీ ఆగిపోయాయి. కర్సో తాత నెమ్మదిగా పుస్తకం తెరిచాడు. తన తప్పు బయటపడిందని చెవులు ఎర్రబడ్డాయి. తప్పు తన మీద నుంచి ఎలా దింపుకోవాలా అని వెతికి, దొరకబుచ్చుకున్నాడు.

"లేని ఎముకలు ఉన్నాయని చెప్పుకుంటే పెద్దలకి కోపం రాదూ? వచ్చింది. అందుకే అన్నం ఉడకలేదు" అన్నాడు.

"అదీ సంగతి!" తుగియెం నా వైపు తిరిగింది. "నీ తప్పేం లేదు సమింతెనక్కా, పాపం. అంతా ఈ పిల్ల చేసిన పనే."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నేను నోరు మూసుకుంటే చాలు. తెడ్డు నాది, పరువు నాది, ముప్ఫై ఏళ్ళూ నావి. అన్నీ నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒళ్ళో కూర్చున్నాయి. ఆడవాళ్ళందరూ వెనింగ్‌ను చూస్తున్నారు, ఎవతో అప్పుడే "సిగ్గులేని" అనడం మొదలుపెట్టింది. వెనింగ్ తల వంచుకుంది. మూలనున్న ఖాళీ ఎసరు కుండ వైపు ఒక్కసారి వేలు చూపిస్తే చాలు తనకి. చూపించలేదు. నా వైపు కూడా చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. లేచి నిలబడ్డాను.

"ఎసరు పొయ్యడం నేనే మర్చిపోయాను" అన్నాను. "ఏ పెద్దలకీ కోపం రాలేదు. నీతో బెల్లం గురించి పోట్లాడుతూ నాలుగు కుండలకీ మర్చిపోయాను. నా కోడలు చూడబట్టి అన్నం అన్నమైంది. తెడ్డు కావాలంటే తీసుకో తుగియెం, అదిగో, అక్కడుంది."

తుగియెం తెడ్డు వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. పదేళ్ళు ఎదురుచూసిన వస్తువు అలా ఊరికే ఇచ్చేస్తే ఎవరికైనా అనుమానమే.

కర్సో తాత మాత్రం పుస్తకం మూయలేదు. "అది సరేనమ్మా. ఈ పిల్ల పుట్టిన వేళ తేలాలి కదా. పగలా, పొద్దు గూకాకా?"

వియ్యపురాలు చెప్పడానికి నోరు తెరిచింది. నేను పళ్ళెంలోంచి ఒక గుడ్డు తీసి అందులో పెట్టాను.

"పగలు" అన్నాను. "పట్టపగలు. నేను దగ్గరుండి చూశాను."

వెనింగ్ పుట్టిన ఇరవై రెండేళ్ళకు గానీ నేను వోనోగిరి ముఖం చూడలేదని ఆ వంటింట్లో అందరికీ తెలుసు. తాతకూ తెలుసు. ఆయన నన్ను చూశాడు, గుడ్డు నములుతున్న మా వియ్యపురాలిని చూశాడు, జేబులోంచి పెన్ను తీసి పుస్తకంలో 'పగలు' అని రాసుకున్నాడు.

ఏడేళ్ళుగా నా కోడలి ఎముకల గురించి ఊరంతా డప్పు కొట్టాను. నా కోడలి తరఫున నేను మాట్లాడింది మాత్రం ఆ రోజే మొదలు, అదీ పచ్చి అబద్ధం.